ఎండ మనది, గాలి మనది – కాగితం ఎవరిది?

(ఆదోని, ఎమ్మిగనూరు దిక్కు గేరీల్లో కూలీల, డి.పట్టా రైతుల కూటాల్లో మేము మాట్లాడిన మాటలను ఒక్కచోట చేర్చిన ప్రసంగ పాఠం. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించాలని మనవి.)



ఈ కూటం సుగ్గికి ముందే పెట్టాలని మేము పట్టుబట్టినాం. పండగ దాటితే గేరీలో ముసలోళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరు మిగులుతారు? కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, నందవరం, ఆస్పరి – ఏ మండలం చూసినా ఇదే కథ. మనం గుంటూరు దిక్కు మిరపకాయలు కోస్తా ఉంటాం. బెంగుళూరులో, హైదరాబాదులో ఇసుక మోస్తా ఉంటాం. ఇంటికి తాళం, పిల్లోడి చదువుకు తాళం. సరిగ్గా ఆ నెలల్లోనే ఊర్లోకి కారు వస్తాది. కారులో నుంచి బ్రోకరు దిగుతాడు. వాడు వేరే దేశపోడు కాదు, మన ఊరోడినే వెంటేసుకొని వస్తాడు. రచ్చకట్ట మీద కూర్చున్న ముసలాయన దగ్గరికి పోయి, "పెద్దాయనా, నీ బీడు భూమి ఊరికే పడి ఉండాది. కంపెనీకి కౌలుకియ్యి. ఏడాదికి ఎకరాకు ముప్పై వేలు. ఇదిగో అడ్వాన్సు, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంటాడు. ముసలాయన వేలికి సిరా అంటుకుంటాది. కొడుకు సుగ్గి నుంచి తిరిగొచ్చేసరికి ముప్పై ఏళ్ల కాగితం అయిపోయి ఉంటాది.

కంపెనీ పేరు ఏదైనా కావచ్చు. ఈ రోజు ఒకటి, రేపు ఇంకొకటి. పేరు కాదు మనకు ముఖ్యం. ఆ కారు యాడ బయలుదేరింది, ఎందుకు బయలుదేరింది, మన గేరీ దాకా ఎందుకు వచ్చింది – ఇది అర్థమైతేనే ఆ కాగితం మీద ఏం రాయించుకోవాలో మనకు తెలుస్తాది.

పొగ ఎవరిది, సెగ ఎవరికి?

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిస్తే బొగ్గుపులుసు గాలి పుడుతుంది. అది ఆకాశంలో పేరుకొని భూమికి దుప్పటి కప్పినట్టు కప్పుతుంది. లోపలి వేడి బయటికి పోదు. నూటయాభై, రెండు వందల ఏండ్లుగా పెద్ద పెద్ద దేశాలు ఫ్యాక్టరీలు నడిపి, ఓడలు నడిపి, కార్లు నడిపి ఈ దుప్పటి నేసినాయి. ఇప్పటికీ అమెరికాలో మనిషికి ఏడాదికి 14 టన్నుల దాకా ఈ గాలి వదులుతా ఉండారు. మన దేశంలో సగటున మనిషికి 2 టన్నుల చుట్టు. ఆ సగటులో కూడా మోసం ఉండాది. నాలుగు ఏసీలు, రెండు కార్లు ఉన్న ఇంటిని, రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న మాదిగ గేరీ ఇంటిని కలిపి తీసిన సగటు అది. పత్తికట్టెతో అన్నం వండుకొని, నడిచి పనికిపోయే మనిషి వాటా అందులో ఎంత?

పొగలో మనకు వాటా లేదు. సెగలో మాత్రం మొదటి వాటా మనదే. ఊరికి ఆ పక్క మిద్దెలుంటాయి, ఈ పక్క మన రేకుల ఇండ్లుంటాయి. ఊర్లో చెట్టు నీడ ఉంటాది, మన గేరీకి ఇచ్చిన స్థలంలో చెట్టు కాదు కదా ముల్లుకంప కూడా మొలవదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు దాదాపు రెండు వేల మంది చచ్చిపోయినారని లెక్క తేలింది. ఎండలో ఎవరు నిలబడతారు? కూలీ, ఉపాధి పనికి పోయే ముసలమ్మ, గొర్రెల కాపరి, రోడ్డు పనివాడు. ఎండకు కులం లేదంటారు. ఎండకు లేదు నిజమే, నీడకు ఉండాది.

వానల సంగతి చూడండి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలును ముంచేసింది. అదే తుంగభద్ర ఒడ్డు జిల్లాలో 2023 ఖరీఫ్‌లో సర్కారే కరువు మండలాలు ప్రకటించింది. రాష్ట్రం మొత్తంలో 103. అప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న 26 మండలాల్లో 24 కరువు మండలాలే! అంటే జిల్లా అంతా కరువే. వాన రాకపోతే కలుపు పని లేదు. అదును తప్పి వచ్చి పత్తి నల్లబడితే కోత కూలి తగ్గుతాది, ఆదోని మార్కెట్ యార్డులో హమాలీకి మూట తగ్గుతాది. ఎమ్మిగనూరు నేతన్న మగ్గం గుంతలోకి నీళ్లు చేరితే ఆ వారం పని లేదు. రైతుకు పంట నష్టం రాసుకునే దానికి ఒక అధికారి వస్తాడు. కూలీకి పోయిన పని దినాలు రాసుకునే దానికి ఎవరు వస్తారు? ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు.

తుంగభద్ర డ్యాము కట్టినప్పుడు 133 టీఎంసీల నీళ్లు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 చుట్టుకు దిగింది. దిగువ కాలువ చివరి ఊర్లకు నీళ్లు ఎట్లా వస్తాయో మీకు మేము చెప్పాల్నా? 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వాతావరణ మార్పును తట్టుకునే పథకాలంటూ పట్నాల్లో సభలు పెడతా ఉండారు. డెబ్బై ఏండ్ల నాటి గేటును, కాలువ గట్టును, చెరువు తూమును బాగు చేసుకోవడమే మొదటి పథకమని మేమంటాం.

బంజరు అనే మాట

2015లో పారిస్‌లో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. వేడి పెరగకుండా పొగ తగ్గించుకోవాలని. 2021లో గ్లాస్గో సభలో మన ప్రధానమంత్రి 2070 నాటికి దేశం పొగ లెక్కను సున్నాకు తెస్తామని, 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాస్ లేని కరెంటు సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు చేరుస్తామని మాటిచ్చినాడు. 2024 అక్టోబరులో మన రాష్ట్ర సర్కారు క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. 160 గిగావాట్లకు పైగా, పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అని చెప్పింది. అందులో సోలారు ఒక్కటే 78.5 గిగావాట్లు.

ఈ లెక్కను మన భాషలోకి మార్చుకుందాం. ఒక మెగావాటు సోలారుకు ఇంచుమించు ఐదు ఎకరాలు కావాల. 78.5 గిగావాట్లంటే 78,500 మెగావాట్లు. నేల మీదనే పెడితే దాదాపు నాలుగు లక్షల ఎకరాలు. ఈ నాలుగు లక్షల ఎకరాలు యాడ నుంచి తెస్తారు? కోనసీమ కొబ్బరితోటలు కొట్టి తేరు. డెల్టా మాగాణి ముట్టరు. ఎండ ఎక్కువ, గాలి ఎక్కువ, వాన తక్కువ, భూమి చవక, నోరు లేని జనం – ఇవన్నీ ఒక్కచోట కలిసిన నేల కోసం వెతికినారు. మ్యాపు మీద వేలు మన మీదకు వచ్చి ఆగింది. ఆలూరు, ఆస్పరి దిక్కు గుట్టల మీద తిరిగే గాలిమరలు మీరు చూసినవే. ఆ కారు ఇట్లా బయలుదేరింది.

వాళ్ల కాగితాల్లో ఈ నేలకు ఒక పేరు ఉండాది. బంజరు. ఈ మాట దగ్గర మనం ఆగాల. బంజరు అంటే ఎవరికీ పనికిరానిది అని అర్థం చెప్తారు. మా గేరీల్లో తిరిగినప్పుడు మేము అడిగినాం, ఆ బంజరులో ఏముందని. ఒక అవ్వ వేళ్లు మడిచి చెప్పింది: "మా గొర్రెలు ఆడనే మేస్తాయి. పొయ్యి కట్టె ఆడనే. చీపురు పుల్ల ఆడనే. మా ఆయన్ని పూడ్చింది ఆడనే." అదీ మన బంజరు. అందులో కొంత డి.పట్టా. కొంత శివాయిజమా – సాగులో మనం, పేరు సర్కారుది. కొంత మేత పోరంబోకు. 1970ల నుంచి పోరాడి, దరఖాస్తులు పెట్టి, లాఠీ దెబ్బలు తిని సంపాదించుకున్న రాళ్ల భూమి అది. మంచి నేల పెద్దోళ్లకు పోగా మిగిలిన గరుసు, గుండ్లు మన పాలికి వచ్చినాయి. నిన్నటిదాకా దాన్ని చూసి నవ్వినారు. ఈ రోజు ఆ గరుసు మీద పడే ఎండకు విలువ వచ్చింది. విలువ వచ్చిన రోజే కాగితం అడుగుతా ఉండారు!

ముందు జరిగినచోట ఏమైంది?

దూరం పోవాల్సిన పని లేదు. మన ఉమ్మడి జిల్లాలోనే గని, శకునాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలారు పార్కు 2017లో పూర్తయింది. ఆ రోజుల్లో ప్రపంచంలోనే పెద్దదని గొప్పగా చెప్పుకున్నారు. అనంతపురం దిక్కు ఎన్.పి.కుంటలో ఇంకొకటి. ఆడ పట్టా ఉన్నోడికి ఒక తీరు, డి.పట్టా ఉన్నోడికి ఒక తీరు, ఏండ్ల తరబడి దున్నుతా ఉన్నా కాగితం లేనోడికి ఇంకొక తీరు జరిగిందని పత్రికల్లో వచ్చింది. కాగితం లేనోళ్లు ఎవరో మనకు తెలుసు. కూలీల పేరు ఏ జాబితాలోనూ లేదు.

కర్ణాటకలో పావగడ చూడండి. మనకు పొరుగు, మన తెలుగు మాట్లాడే జనం ఉన్న తాలూకా. మన తీరు కరువే. ఆడ సర్కారు భూమి కొనలేదు, కౌలుకు తీసుకుంది. ఐదు ఊర్లలో పదమూడు వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేండ్లకొకసారి 5 శాతం పెంపు, 28 ఏండ్ల కాలం. భూమి అమ్ముకోకుండా చేతిలో డబ్బు వస్తాదంటే బాగానే ఉండాది కదా అనిపిస్తాది. భూమి ఉన్నోడికి కొంత బాగానే ఉండాది, కాదనం. కానీ లెక్క చేసి చూడండి. రెండేండ్లకు 5 శాతం చొప్పున పెరిగితే 28 ఏండ్ల చివరికి కూడా ఆ 21 వేలు రెండింతలు కాదు. ఇరవై ఎనిమిదేండ్ల కింద మన రోజు కూలి ఎంత, ఈ రోజు ఎంత? బియ్యం ధర ఎంత, ఈ రోజు ఎంత? రెండింతలే పెరిగినాయా?

ఇంక భూమి లేనోడి సంగతి. పది ఎకరాల పత్తి చేను ఉంటే విత్తనం నుంచి కలుపు, మందు, కోత, కట్టె పీకే దాకా ఆడోళ్లకు నెలల తరబడి పని. అదే పది ఎకరాల్లో అద్దాలు పరిస్తే? గడ్డి కోసే ఒక మనిషి, అద్దాలు తుడిచే ఇద్దరు, గేటు దగ్గర ఒక వాచ్‌మన్. అది కూడా ఊర్లో పెద్దోళ్ల మాట ఉన్నోడికే. పావగడలో భూమి లేని కూలీలకు జరిగింది ఇదే. భూమి ఉన్న రెడ్డికి కౌలు వస్తాది. ఆ భూమిలో చెమట పోసిన మాదిగకు, మాలకు, బోయకు, గొల్లకు గేటు మూసుకుంటాది. కౌలు లెక్కలో కూలీ లేడు. వాడికి మిగిలేది ఇంకా దూరం సుగ్గి.

మనం కరెంటుకు అడ్డమా?

ఇట్లా మాట్లాడితే వెంటనే ఒక మాట అంటారు – ఈ దళితోళ్లు అభివృద్ధికి అడ్డం అని. మనం గట్టిగా జవాబు చెప్పాల. కరెంటు గురించి ఈ దేశానికి పాఠం చెప్పినవాళ్లలో మన బాబాసాహెబ్ ఒకరు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో ఆయన లేబర్ మెంబరు. నీటిపారుదల, కరెంటు ఆయన చేతి కిందనే ఉండేవి. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఆయన కాలంలోనే ఏర్పడింది. కరెంటు చవకగా, సమృద్ధిగా ఉంటేనే పరిశ్రమలు వస్తాయి, పరిశ్రమలు వస్తేనే పేదోడు భూమి మీద, ఊరి మీద బానిసగా పడి ఉండే బతుకు నుంచి బయటపడతాడని ఆయన ఆలోచన. 1947లో రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు'లో భూమి సర్కారు చేతిలో ఉండాల, కులం చూడకుండా ఊరి జనానికి సాగుకివ్వాల, కామందూ ఉండకూడదు, భూమి లేని కూలీ ఉండకూడదు అన్నాడు.

కాబట్టి మనం సోలారుకు అడ్డం కాదు. గాలిమరకు అడ్డం కాదు. బొగ్గు పొగ తగ్గితే మొదట బాగుపడేది ఎండలో నిలబడే మనమే. మన ప్రశ్న ఒక్కటే. పాత కరెంటుకు డ్యాముల కింద మునిగింది మన ఊర్లు, గనుల్లో దిగింది మన మనుషులు. కొత్త కరెంటుకు కూడా మనమే మునగాల్నా? పొగ లేని కరెంటు అంటే కులం లేని కరెంటు అని కాదు. అది పోరాడి తెచ్చుకోవాల.

చట్టంలో ఏముంది?

మొదటిది, అసైన్డు భూముల చట్టం, 1977 నాటిది. డి.పట్టా భూమిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. కౌలు కూడా బదిలీ కిందికే వస్తాదని ఆ చట్టంలోనే ఉండాది. మన భూమి మన చేతిలో నిలబడాలని తెచ్చిన చట్టం అది. తర్వాత సర్కార్లు దానికి సవరణలు తెచ్చినాయి. 2023 సవరణతో ఇరవై ఏండ్లు దాటిన పట్టాకు అమ్ముకునే హక్కు ఇస్తామన్నారు. హక్కు అని పేరు పెట్టినారు గానీ, అప్పుల్లో ఉన్నోడికి అమ్ముకునే హక్కు అంటే పోగొట్టుకునే హక్కే. 2024లో సర్కారు మారినాక ఆ రిజిస్ట్రేషన్ల మీద ఆపు పెట్టి విచారణ మొదలుపెట్టినారు. అందుకే బ్రోకరు నోటిమాట నమ్మొద్దు. మీ సర్వే నంబరుకు ఏ నియమం వర్తిస్తాదో తహసీల్దారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. మాట కాదు, రాత.

రెండోది. సర్కారే ప్రజా అవసరం కింద డి.పట్టా భూమి తీసుకుంటే, సొంత పట్టా రైతుతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. "ఇది సర్కారు భూమే, ఇచ్చింది తీసుకో" అని ఏ అధికారి అన్నా ఈ తీర్పు పేరు చెప్పండి.

మూడోది, 2013 భూసేకరణ చట్టం. ఇందులో నష్టపోయిన కుటుంబం అంటే భూమి ఉన్నోడు మాత్రమే కాదు. సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ భూమి మీద పనిచేసి బతుకుతా ఉన్న కూలీ, కౌలుదారు కూడా నష్టపోయిన కుటుంబమే. ఉద్యోగమో, 5 లక్షల రూపాయలో, లేదా నెలకు 2 వేలకు తగ్గకుండా 20 ఏండ్ల పాటు భృతో ఇవ్వాలని ఉండాది. కూలీని మనిషిగా గుర్తించిన చట్టం ఇది. మరి కంపెనీలు కౌలు దారి ఎందుకు పట్టినాయో ఇప్పుడు అర్థమైందా? సేకరణ అంటే కూలీకి లెక్క చెప్పాల. ఇద్దరు మనుషుల మధ్య కౌలు అంటే కూలీ అడిగేదానికి లేదు. దానికి తోడు 2018లో మన రాష్ట్రం సవరణ తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అధ్యయనం లేకుండా చేసుకునే దారి తీసింది. సోలారుకు, గాలిమరలకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు, కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా జరగదు. ఇన్ని తలుపులు మూసి, అభివృద్ధిలో మీరు భాగస్వాములు అంటారు!

నాలుగోది, 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. మన భూమిని అక్రమంగా ఆక్రమించినా, మన సాగు నుంచి మనల్ని అక్రమంగా వెళ్లగొట్టినా అది ఈ చట్టం కింద నేరం. తిట్టినప్పుడు, కొట్టినప్పుడే కాదు, భూమి గుంజుకున్నప్పుడు కూడా ఈ చట్టం పనికొస్తాది.

వేలిముద్రకు ముందు

ఇంటికి పోయి గోడ మీద రాసుకోండి.

ఒకటి. సుగ్గి నెలల్లో ఏ కాగితం మీదా వేలిముద్ర వద్దు. ఇంటి మనుషులంతా ఊర్లో ఉన్నప్పుడే, గేరీ కూటంలోనే.

రెండు. కాగితం తెలుగులో ఉండాల. ఇంగ్లీషు కాగితం మీద సంతకం అంటే కళ్లు మూసుకొని బావిలో దూకడమే. చదివి వినిపించాల, ఒక నకలు మన చేతికి రావాల.

మూడు. ఇంటావిడ ఒప్పుకోకుండా ఇంటాయన సంతకం పెట్టొద్దు. డబ్బు మగోడి చేతికి వచ్చి సారాయి అంగడికి పోతే, మేత పోయేది, కట్టె పోయేది ఆడమనిషికి.

నాలుగు. కౌలు ఎన్నేండ్లు, పెంపు ఎంత, కంపెనీ చేతులు మారితే బాధ్యత ఎవరిది, గడువు అయినాక అద్దాలు, సిమెంటు దిమ్మెలు ఎవరు తీస్తారు – ఇవన్నీ రాసి ఉండాల. ముప్పై ఏండ్ల తర్వాత పగిలిన అద్దాల దిబ్బ మన మనవడి నెత్తిన పడకూడదు.

ఐదు. మన కాగితం బ్యాంకులో కుదువ పెట్టి కంపెనీ అప్పు తెచ్చుకునే మాట ఆ ఒప్పందంలో ఉందేమో చదువుకున్నోడితో చూపించండి.

ఆరు. వంక, చెరువుకు పోయే నీటి దారి, శ్మశానం, గొర్రెల దారి – వీటికి కంచె పడకూడదని రాయించుకోండి.

మనం అడిగేది

భూమి ఉన్నోడికి కౌలు వస్తే, ఆ భూమి మీద బతికిన కూలీకి ఏడాది ఏడాది భృతి రావాల. కౌలైనా సరే 2013 చట్టం చెప్పిన కూలీ లెక్క తీయాల. శివాయిజమా సాగుదారులకు ముందు పట్టా, తర్వాతే ప్రాజెక్టు. మన ఊరి ఎండ నుంచి అమ్మే ప్రతి యూనిట్‌లో ఊరికి వాటా, ఆ వాటాలో గేరీకి వాటా. మన పిల్లలకు ఐటీఐలో ఈ పని నేర్పించి, వాచ్‌మన్ ఉద్యోగం కాదు, మీటరు చూసే ఉద్యోగం ఇవ్వాల. అన్నిటికన్నా మించి, డి.పట్టా రైతులు, కూలీలు సంఘంగా కట్టుకొని సొంతంగా చిన్న ప్లాంటు పెట్టుకుంటామంటే కంపెనీకి ఇచ్చే రాయితీలన్నీ ఆ సంఘానికీ ఇవ్వాల. కంపెనీకి కౌలుకిచ్చే తెలివి మనకుందంటే, కరెంటు అమ్ముకునే తెలివి మనకు లేదా?

ఇంటి మీద సోలారు సంగతి. ఎస్సీ, ఎస్టీ ఇండ్లకు 2 కిలోవాట్ల పలకలు ఉచితంగా పెడతామని రాష్ట్ర సర్కారు ప్రకటించింది. మంచిదే, పెట్టమనండి. కానీ మన రేకులు ఆ బరువు మోస్తాయా? కాలనీ ఇంటి స్లాబు వానకు కారతా ఉండాది, ముందు దాన్ని బాగు చేయమనండి. ఇంటి స్థలం పట్టా లేనోళ్లను తీసెయ్యకూడదు. ఇప్పుడు నెలకు 200 యూనిట్ల దాకా మనకు ఉచిత కరెంటు ఉండాది. పలకలు పెట్టినాక అది పోదని, మిగిలిన కరెంటు డబ్బు ఎవరికి వస్తాదో అని రాతలో అడగండి.

పని సంగతి. కరువులో కూలీని ఊర్లో నిలబెట్టింది 2005 ఉపాధి హామీ చట్టమే. చెరువు పూడిక, కందకాలు, ఫారం పాండ్లు – ఎండను, వానను తట్టుకునే పని అంటే అదే కదా. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం పాసు చేసింది. 125 రోజులు అన్నారు. సేద్యం పని ముమ్మరంగా ఉండే 60 రోజులు పని ఆపొచ్చనీ పెట్టినారు. ఖర్చులో 40 శాతం రాష్ట్రం భరించాలన్నారు. చేను ఎండిపోయిన ఊర్లో సేద్యం సీజన్ అని పని ఆపితే కూలీ ఏం తినాల? గ్రామసభలో అడగండి, పని అడిగిన రసీదు తీసుకోండి.

మన తప్పు మనం ఒప్పుకుందాం

ఇంతసేపు వాళ్లను అన్నాం. ఇప్పుడు మనల్ని కూడా అనుకుందాం. బ్రోకరు వెంట తిరిగేవాళ్లలో మన గేరీ పిల్లోళ్లు లేరా? సంఘం పేరు చెప్పి కమీషను తిన్నోళ్లు లేరా? మాల, మాదిగ అని రెండు కూటాలు పెట్టుకుంటే మూడోవాడు రెండు గేరీల భూమీ రాయించుకొని పోలేదా? భూమి లేనోళ్ల గురించి భూమి ఉన్న మన అన్నలే "వాళ్లకేం సంబంధం" అనలేదా? మేము కూడా తప్పు చేసినాం. ఇన్నేండ్లు దాడులు జరిగినప్పుడు పరిగెత్తినాం, గేరీల్లో పట్టా కాగితాలు చెదలు తింటా ఉంటే పట్టించుకోలేదు. కారంచేడు, చుండూరు మనకు నేర్పిన పాఠం ఆత్మగౌరవం. ఆత్మగౌరవం నిలబడేది కాళ్ల కింద నేల ఉన్నప్పుడే.

మన దిక్కులోనే ఒక ఉదాహరణ ఉండాది. 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేయాలని ప్రతిపాదన వచ్చింది. అణు కరెంటు కూడా పొగ లేని కరెంటే కదా! చుట్టుపక్కల ఊర్లు కదిలినాయి. కులం చూడలేదు, పార్టీ చూడలేదు. రోడ్డు మీద కూర్చున్నారు. బోర్లు వేయబోమని అధికారులు చెప్పాల్సి వచ్చింది. ఒక్కొక్కరుగా ఉంటే వేలిముద్ర, అందరం కలిస్తే పిడికిలి.

సుగ్గికి పోయే ముందు మూడు పనులు చేసి పోండి. గేరీలో ఎవరి పేర ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, పట్టా ఉందా లేదా – ఒక పుస్తకంలో రాయండి. అదే పుస్తకంలో వెనక పేజీల్లో భూమి లేని కూలీల పేర్లు, మూడేండ్లుగా ఎవరి చేనులో పనిచేస్తా ఉండారో రాయండి. రేపు లెక్క అడిగితే చూపించేది అదే. మూడు, పట్టా కాగితాలు జిరాక్సు తీసి ఒక నకలు సంఘం దగ్గర పెట్టండి, అసలు ఎవరికీ ఇవ్వొద్దు. ఊర్లో ఉండే అవ్వలకు, తాతలకు చెప్పి పోండి: కారు వస్తే మంచినీళ్లియ్యండి, వేలు మాత్రం ఇయ్యొద్దు.

1927లో మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి ముంచినాడు. నీళ్లు అందరివీ అని చాటినాడు. ఎండా, గాలీ కూడా అందరివే. వాటికి కంచె వేసేవాళ్లు వస్తా ఉండారు. ఈసారి కంచె పడకముందే మనం నిలబడదాం.

జై భీమ్!